సీసా అడుగున మడ్డి

"కదపొద్దే కనకం! ఆ సీసాను కదపొద్దని ఎన్నిసార్లు చెప్పేది నీకు? మడ్డంతా పైకొచ్చేస్తాది" అని వంటింటి గడప మీద కూర్చున్న అన్నమ్మాళ్ కోడలి మీద గయ్యిమంది.

నిజానికి కనకం సీసాను కదపలేదు. గూట్లోంచి ఉప్పుచిప్ప తీయబోతే మోచెయ్యి తగిలి సీసా కొంచెం ఊగింది, అంతే. అయినా అత్త గొంతు వినగానే ఉప్పుచిప్ప అక్కడే వదిలేసి, దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు పక్కకు జరిగింది. చూడండి ఈ విడ్డూరం! జ్వరం కనకానిది. మందు కనకానిది. ఆసుపత్రిలో ఆమె నాలుక చూసి, కడుపు నొక్కి చూసి, ఆమె కోసం కలిపి ఇచ్చిన సీసా అది. ఆ సీసాను తాకే హక్కు మాత్రం ఇంట్లో అందరికీ ఉంది, ఆమెకు తప్ప.

అన్నమ్మాళ్ లేచి వచ్చి, సీసాను రెండు చేతులతో పట్టుకుని, లోపలిది తొణక్కుండా మెల్లగా వంచింది. పైనున్న తేట మందు ఉగ్గుగిన్నెలోకి సన్నగా పడింది. "వీరా, నాయనా, మిల్లుకు పొయ్యేముందు ఒక గుటకేసి పో. ఊరంతా చలిజొరం తిరగతా ఉండాది, నీకు తగులుకుంటే కొంప మునుగుతాది" అని కొడుకును పిలిచింది. వీరాసామి సద్దన్నం తిన్న చెయ్యి కడుక్కుని వచ్చి, గిన్నె పుచ్చుకుని గటుక్కున తాగి, తుండుగుడ్డతో మూతి తుడుచుకున్నాడు. ఆ తర్వాత కోడలి వంతు వచ్చింది. "ఇంద, వాడు తినేసినాడు గదా, నువ్వూ తాగు. తిన్నాక తాగమన్నారంట" అని అన్నమ్మాళ్ గిన్నె అందించింది. పొద్దున లేచి అప్పటికి కనకం నోట్లో పడింది పళ్ళపొడి ఒక్కటే. అలాగే తాగేసింది.

ఆ ఇంట్లో చారు ఎలా వడ్డిస్తారో చెప్పకపోతే ఈ మందు సంగతి మీకు అర్థం కాదు. చారు గిన్నె పొయ్యి మీంచి దించాక ఎవరూ గరిటె పెట్టి కలపకూడదు. పైన తేరిన తేట వీరాసామికి. ఆ తర్వాతది అన్నమ్మాళ్‌కి. పప్పు గుజ్జూ, మిరియాల పలుకులూ, ధనియాల తుక్కూ పేరుకున్న అడుగు కనకానికి. "మగోడికి తేట, ఆడదానికి మడ్డి. మా అత్త నాకట్టే పోసె, నేను నీకట్టే పోస్తాండా" అనేది అన్నమ్మాళ్. కోపంతో కాదు, తిథి వారం చెప్పినంత మామూలుగా. ఈ శాస్త్రం ఎవరు రాశారో తెలియదు గానీ, రాసినవాడు మాత్రం జన్మలో ఒక్కసారి కూడా కడబంతిలో కూర్చుని ఉండడు.

మందును కూడా అన్నమ్మాళ్ చారు కిందే జమకట్టింది. ఆమెలో కల్మషం లేదు, ఆ మాట ముందే చెప్పాలి. సీసా అడుగున తెల్లగా పేరుకున్నదాన్ని చూసి అది మురికి అనుకుంది. కొడుక్కి మురికి పోస్తుందా ఏ తల్లయినా? పైగా సీసా ఇంటికి వచ్చిన రోజే, ఎవరెవరి చేతులు తగిలాయో అని పసుపునీళ్ళతో పైనంతా శుభ్రంగా తోమి పెట్టింది. సీసా ఒంటికి నిలువునా అంటించిన కాగితం పట్టీ, ఒక్కో పూటకు ఎంత తాగాలో తెలిసేలా గాట్లు కోసిన పట్టీ, ఆ తోముడులో ఊడి తూములో కొట్టుకుపోయింది.

ఐరోపాలో పెద్ద యుద్ధం ముగిసి నాలుగైదేళ్ళయిన రోజులవి. పుదుచ్చేరిలో కాలవకు ఇవతల మనవాళ్ళూ, అవతల సముద్రం వైపు ఫరాసువాళ్ళూ ఉండేవాళ్ళు. కనకం వాళ్ళది ముదలియారుపేటలో మిల్లు వెనక సందు. ఎన్నో తరాల కిందట తెలుగుసీమ నుంచి వచ్చి పాతుకుపోయిన కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, దొరలు ఎదురైతే నోరు మూసుకోవడం. మొగుడు మిల్లులో మగ్గాల దగ్గర, పెళ్ళాం నూలు చుట్టే కొట్టంలో. ఇద్దరూ మిల్లు సంగు ఒకే కూతకు పరుగెత్తుతారు, ఒకే కూతకు తిరిగొస్తారు. తిరిగొచ్చాక మాత్రం ఒకరు అరుగు మీద కాళ్ళు చాపుతారు, ఇంకొకరు పొయ్యి దగ్గర కాళ్ళు ముడుస్తారు. ఎవరు ఏది చేస్తారో మీకు చెప్పక్కర్లేదు.

వానలతో పాటు కనకానికి చలిజ్వరం వచ్చింది. రోజు విడిచి రోజు, అప్పు వసూలుకు వచ్చే మనిషిలా వేళకు వచ్చేది. వణుకు, మంట, చెమట, ఆపైన ప్రాణం లేని ఒళ్ళు. "నీది పుట్టుకతోనే పుచ్చు ఒళ్ళు, కొంచెం గాలి తగిలితే పడిపోతావు" అన్నాడు వీరాసామి. అన్నాడే గాని భయపడ్డాడు. ఎందుకంటే ఎదురింటి మణియమ్మ కూతురు తిలగం కిందటేడు ఇదే జ్వరంతో పోయింది. మందుకు జ్వరం జారగానే, ఇంక ఎందుకులే అని సగం సీసా దాచి పెట్టారు. జ్వరం తిరగబెట్టింది. ఎడమ పక్క డొక్కలో గడ్డ కట్టి, పిల్ల మంచం దిగకుండానే పోయింది. ఆ భయంతోనే వీరాసామి ఒక పూట మిల్లు మానుకుని కనకాన్ని కాలవ దాటించి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

అక్కడ మందులిచ్చే గదిలో తెల్ల ముసుగు వేసుకున్న ఒక కన్యస్త్రీ ఉంది. ఈ ఊరి మనిషే, అరవం మాట్లాడింది. కనకం పొట్ట నొక్కి చూసి, పెదవి విరిచి, ఇప్పుడే జాగ్రత్త పడకపోతే గడ్డ కడుతుందని చెప్పింది. "పూటపూటా అన్నం తింటున్నావా?" అని అడిగింది. అడిగింది కనకాన్నే, జవాబిచ్చింది వీరాసామి. "తింటాదమ్మా, బ్రహ్మాండంగా తింటాది. మా ఇంట్లో తిండికేం కొదవ" అన్నాడు. ఆ తర్వాత ఆమె మందు ఎలా తాగాలో చెప్పింది. మగవాడు నోరు తెరిచాడు కదా, ఇంక చెప్పింది కూడా అతనికే చెప్పింది. కనకం మొగుడి వెనక, కొంగు నోట్లో కుక్కుకుని, వణుకు ఆపుకుంటూ నిలబడింది. మాటలు సగం వినపడ్డాయి, సగం పళ్ళ టకటకలో కలిసిపోయాయి. వీరాసామి అన్నింటికీ తల ఊపాడు. దారిలో తెలిసినవాడు కనిపిస్తే కబుర్లలో పడ్డాడు. ఇంటికి చేరేసరికి అతని దగ్గర మిగిలింది ఒక్క ముక్క. "చలిజొరానికిచ్చే కొయినా మందంటమ్మా. మూడు పూటలా, తిన్నాక పొయ్యమన్నారు" అని సీసాను తల్లి చేతికిచ్చి, స్నానానికి వెళ్ళిపోయాడు.

ఇలా ఆ ఇంట్లో వైద్యం మొదలైంది. పొద్దున వీరాసామి తిన్నాక కనకానికి మందు. మధ్యాహ్నం ఆమె మిల్లులో ఉంటుంది కాబట్టి ఆ పూట మందు లేదు. పోనీ ఆ పూటది వదిలేశారా? వదిలేస్తే అన్నమ్మాళ్ ఎందుకవుతుంది! "మధ్యాన్నంది కూడా కలిపి తాగెయ్, బాకీ పెట్టుకోకూడదు" అని రాత్రికి రెండింతలు పోసేది. అదీ వీరాసామి భోజనం చేసి లేచిన వెంటనే, కనకం ఇంకా కంచం ముందు కూర్చోకముందే. ఖాళీ కడుపులో ఆ చేదు పడగానే పేగులు మెలిపెట్టేవి. పెరట్లోకి పరుగెత్తి కక్కుకునేది. కక్కుకున్నాక అన్నం సయించేది కాదు. "చూడు, దీనికి తిండి కూడా ఎక్కడం లే" అని అత్త బుగ్గలు నొక్కుకునేది.

పైనున్న తేట తరుగుతున్న కొద్దీ సీసాలోది చిక్కబడింది. వీరాసామికి అది రుచించలేదు, మానేశాడు. "మంచి మందు. నాకు జొరమే రాలేదు చూడు" అని మాత్రం మిల్లులో అందరికీ చెప్పుకున్నాడు. మిగిలిన చిక్కనిదంతా కనకం వంతు. పారబొయ్యడం ఆ ఇంటా వంటా లేదు. అడుగు మడ్డిలో కొంచెం నీళ్ళు పోసి, సీసా గిలకరించి, "పారెయ్యకూడదే, దేవుడిచ్చిన మందు" అని ఒకే గిన్నెలో వంపి తాగించింది అన్నమ్మాళ్. సీసాను కదపడం ఆమె చేతుల్లో అదే మొదటిసారి.

మరునాడు కనకం చెవుల్లో హోరు మొదలైంది. సముద్రం ఇంట్లోకి వచ్చినట్టు ఒకటే హోరు. అత్త పిలుస్తున్నా వినపడలేదు. ఆ మందు చేసిన ఉపకారం అదొక్కటే అనుకోండి. కళ్ళ ముందు పొగ కమ్మింది. అయినా మిల్లుకు వెళ్ళింది, వెళ్ళకపోతే పేరు కొట్టేస్తారు. కండెలు తిరుగుతున్నాయి. చప్పుడు మాత్రం లేదు. దారం తెగింది ఆమెకు కనపడలేదు. మేస్త్రీ చిన్నదురై వచ్చి ఏదో అరిచాడు, ఆమె అతని నోటివంక చూస్తూ నిలబడింది. ఆ చూపుకు అతనికి ఒళ్ళు మండింది. పక్కన పనిచేసే రుక్మణి ఆమె భుజం పట్టుకుని, చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెప్పింది. "జొరమొచ్చినోళ్ళు ఇంటికాడ పడుండండి, నీ జాగాలో ఇంకోత్తిని పెట్టుకుంటా అంటాండాడు. పో అక్కా, ఇంటికి పోయి పండుకో."

మిల్లు గేటు దాటి కనకం రోడ్డు మీదకు వచ్చింది. ఎడమకు తిరిగితే ఇల్లు. నేరుగా వెళితే కాలవ, కాలవ అవతల ఆసుపత్రి. ఒంటరిగా ఆమె కాలవ దాటింది లేదు. గోడ పట్టుకుని నిలబడి ఆలోచించింది. ఇంటికి వెళితే ఏముంది? పండుకోమని అంటారు, అంటారే గాని పొయ్యి ఎవరు వెలిగిస్తారు? లేచి వెలిగించాలి. వండాలి, వడ్డించాలి, కడుక్కోవాలి, అందరూ తిన్నాక ఆ చేదు తాగాలి. ఇలాగే పోతే ఏదో ఒక రోజు తిలగం లాగా మంచం దిగకుండానే పోతుంది తను. పోతే అత్త ఏడుస్తుంది, నిజంగానే ఏడుస్తుంది. మామా ఏడుస్తాడు. అక్కడి ఆడవాళ్ళందరిలాగే మొగుణ్ణి ఆమె మామా అనే పిలిచేది. ఏడ్చి, కర్మాంతరం చేసి, కొన్నాళ్ళు గడ్డం పెంచి, ఇంకొకత్తిని తెచ్చుకుంటాడు. ఆ వచ్చినదానికీ చారులో అడుగే పోస్తారు. ఆ పిల్ల ఎవరో, ఎక్కడుందో, దాని ముఖం కూడా తెలియదు కనకానికి. కాని దాని మీద జాలి వేసింది. తన మీద తనకు ఎన్నడూ వెయ్యని జాలి, ఆ ఊరూ పేరూ లేని పిల్ల మీద వేసింది. ఆ వెనకే ఒళ్ళు మండింది. నేనెందుకు చావాలి, అనుకుంది. ఛీ, నేను చావను. అనుకుని, గోడ వదిలేసి, నేరుగా నడిచింది.

ఆసుపత్రిలో ఆ కన్యస్త్రీ ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి, చెవి దగ్గర గట్టిగా మాట్లాడింది. సీసా ఏదని అడిగింది. అయిపోయిందంటే ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "అప్పుడేనా? ఇన్ని రోజుల మందు అప్పుడే ఎలా అయిపోయింది? ఎవరెవరు తాగారు?" అని నిలదీసింది. కనకం మొదట నసిగింది. ఇంటి గుట్టు బయటపెడితే ఎలా? తర్వాత, ప్రాణం కంటే గుట్టు గొప్పదా అనిపించి, ఉన్నదున్నట్టు చెప్పేసింది. తేట మామకు. మడ్డి తనకు. రెండు పూటలది ఒక్కసారి. చివరికి సీసా కడుగు కూడా.

కన్యస్త్రీ అరలోంచి అలాంటిదే ఒక సీసా తీసి వెలుతురుకు పట్టుకుంది. "చూడు. అడుగున తెల్లగా ఉంది చూశావా, మందంతా అదే. పైనున్నది నీళ్ళు. అందుకే ప్రతిసారీ బాగా కదిపి, అడుగూ పైనా ఒకటయ్యాక తాగాలి."

కనకం సీసా వంక చూసింది. ఒక్క క్షణం తర్వాత ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయింది. అంత భక్తిగా, కళ్ళు మూసుకుని, ముఖం చిట్లించి మరీ వీరాసామి రోజూ తాగింది నీళ్ళన్నమాట! గది బయట కూర్చున్న రోగులు తొంగి చూశారు. నవ్వి నవ్వి, ఆ నవ్వు మధ్యలోనే ఆమెకు ఏడుపొచ్చింది. నీళ్ళు మామకయితే, మరి తన కడుపులోకి వెళ్ళింది ఏమిటి? ఇంకొక్క సీసా అలాగే తాగి ఉంటే?

"చెవులు ఊరికే హోరెత్తలేదు. మందు ఎక్కువై విషమైంది" అంది కన్యస్త్రీ. ఆ తర్వాత ఎవరూ ఎన్నడూ అడగని మాట అడిగింది. "మందు తాగేముందు నువ్వు ఏం తిన్నావు?"

"ఆయన తిన్నాక తాగినానమ్మా."

"ఆయన సంగతి నేను అడగలేదు. నీ మొగుడి కడుపులో అన్నం పడితే నీ కడుపు నిండుతుందా?"

ఇంత చిన్న సంగతి తనకెందుకు తట్టలేదు, అనుకుంది కనకం. ఎలా తడుతుంది! ఇల్లంతా తిన్నాక ఇంటి భోజనం అయిపోయినట్టే. తను తినేది భోజనం కాదు, గిన్నెలు కడగబోయే ముందు చేసే ఒక పని. పెళ్ళయినప్పటినుంచీ అంతే. దాన్ని ఎవరూ భోజనం కింద లెక్కపెట్టలేదు, తనతో సహా.

చెవుల హోరు పూర్తిగా తగ్గేదాకా మందు ముట్టొద్దని, రోజూ వచ్చి చూపించుకోమని కన్యస్త్రీ చెప్పింది. కనకం అలాగే చేసింది. హోరు తగ్గాక కొత్త సీసా చేతిలో పెట్టి, చెప్పిందంతా మళ్ళీ చెప్పి, "ఇప్పుడు నీ నోటితో నువ్వు చెప్పు, వింటాను" అంది. కనకం చెప్పింది. ముందు నేను తినాలి. సీసా బాగా కదపాలి. గాటు దాకానే పోసుకోవాలి, నిండు లోటా నీళ్ళతో తాగాలి. ఒక పూట మరిచిపోతే ఆ పూటది పోయినట్టే, తర్వాత పూటకు రెండింతలు తాగకూడదు. మళ్ళీ చెవులు హోరెత్తినా, చూపు మసకబారినా, మందు నిలవకుండా కక్కుకున్నా ఆపేసి ఇక్కడికి రావాలి. జొరం పోయిందని సగంలో మానకూడదు. అంతా చెప్పి ఆగింది.

"ఇంకొకటి మరిచిపోయావు."

"ఇంకెవురికీ ఇవ్వకూడదు" అంది కనకం. ఇవ్వకూడదు అనే మాట ఆమె జీవితంలో ఎన్నడూ పలికింది కాదు.

ఇంటికి వెళ్ళగానే సీసా మీది కాగితం గాట్ల దగ్గర సీసా చుట్టూ మిల్లు నూలుపోగులు కట్టి ముడులు వేసుకుంది, నీళ్ళు తగిలినా గుర్తు పోకుండా. పసుపునీళ్ళు పట్టుకొచ్చిన అన్నమ్మాళ్ చేతికి మాత్రం సీసా ఇవ్వలేదు. తన పెట్టెలో పెట్టుకుంది. "ఏందే ఇది, మందుకు కూడా తాళమా? కాలం మారిపాయె!" అని అన్నమ్మాళ్ నోరు నొక్కుకుంది. అసలు కథ సాయంత్రం పొయ్యి దగ్గర మొదలైంది.

వంటయింది. వీరాసామి ఇంకా అరుగు మీద ఎవరితోనో మాట్లాడుతున్నాడు. కనకం తన కంచం కడిగి తెచ్చుకుని, పొయ్యి ముందు కూర్చుని, పొగలు కక్కే అన్నం పెట్టుకుంది. చారు గిన్నెలో గరిటె పెట్టి, అడుగుదాకా కలిపి, పోసుకుంది. మొదటి ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. ఎదురుగా అన్నమ్మాళ్ కొయ్యబారిపోయి చూస్తోంది.

"ఏమే! ఏం చేస్తాండావు?"

"అన్నం తింటాండానత్తా."

"వాడింకా తిన్లేదే! మొగుడు ఎంగిలిపడకముందు తినే ఆడది యాడన్నా ఉంటాదా? మా వంశంలో ఇట్టాంటిది కన్నామా, విన్నామా! వీరా, ఒరే వీరా, ఇట్ట రా నాయనా, నీ పెండ్లాం కతేందో చూడు!"

వీరాసామి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కనకం లేవలేదు. లేవాలని ఒళ్ళు అలవాటుగా కదిలింది, మోకాళ్ళు సగం లేచాయి కూడా. వాటిని బలవంతంగా కిందికి తొక్కిపెట్టుకుంది. ఆ ఒక్క నిమిషం ఆమె చేసిన చాకిరీ, అన్ని ఏళ్ళుగా ఆ ఇంట్లో చేసిన చాకిరీ కంటే ఎక్కువ.

"నేనింకా తినలే" అన్నాడు వీరాసామి, పెద్ద వార్త చెబుతున్నట్టు.

"తెలుసు మామా. కూర్చో. నేను తిని లేచి పెడతా. మందు తాగేముందు నేను తినాలంట. ఆసుపత్రమ్మ నీకు కూడా చెప్పింది, మర్చిపోయినావు" అంది కనకం. ఎక్కడా గొంతు పెంచలేదు. తినడం ముగించి, చెయ్యి కడుక్కుని, సీసా తీసి, అందరూ చూస్తుండగా పైకీ కిందికీ బాగా కదిపింది. తెల్లని మడ్డి లేచి సీసా అంతా పాలలాగా అయింది. అన్నమ్మాళ్ కళ్ళు మూసుకుంది. కనకం ముడి దాకా పోసుకుని, లోటా నీళ్ళతో తాగేసింది.

వీరాసామి చెయ్యి చాపాడు. "నాకూ ఒక గుటక పొయ్యి. నూలు కొట్టంలో ఇంకో ఇద్దరు పడిపోయినారంట."

"ఇది నా జొరానికి కలిపింది. నీకు జొరమొస్తే నువ్వూ పోయి నాలుక చూపించి నీ సీసా నువ్వు తెచ్చుకో. ఇది నీకిచ్చేది లే."

ఆ ఇంట్లో వీరాసామికి "లే" అనే మాట వినపడటం అదే మొదలు. అతను కాసేపు గోడ వంక చూశాడు, కాసేపు తల్లి వంక చూశాడు. చేతకాని కోపం ముఖంలోకి వచ్చి, ఎటు పోవాలో తెలియక ఆగిపోయింది. చెడ్డవాడు కాదు, అలవాటు పడ్డవాడు, అంతే. చివరికి పెద్దరికంగా గొంతు సవరించుకున్నాడు. "పోనీలేమ్మా. మందు అయ్యేదాకా గదా. వైద్యం అంటే పథ్యం ఉంటాది. తిననీ" అన్నాడు. ఎంత ఉదారంగా అన్నాడంటే, వండిన చేతులు కూడా అతనివేనేమో అనిపించింది.

సందులో ఈ కబురు పాకడానికి ఎంత సేపు! నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు ఆమెను చూసి కిసుక్కున నవ్వారు. మళ్ళీ పనిలో చేరాక మధ్యాహ్నం పూట మందు కోసం చిన్న సీసా ఒకటి మిల్లుకు తీసుకెళితే, "ఏంది, సారాయా? నాకూ పొయ్యరాదా" అని చిన్నదురై ఇకిలించాడు. కనకం పట్టించుకోలేదు. రుక్మణి పక్కన కూర్చుని ముందు అన్నం మూట విప్పుకుని తినేది, ఆ తర్వాతే తాగేది.

ఎదురింటి మణియమ్మ మాత్రం నవ్వలేదు. ఒక పొద్దున అరుగు దగ్గరకు వచ్చి, కనకం సీసా కదపడం చాలాసేపు చూసింది. "జొరం పోయిందా?" అని అడిగింది. "పోయింది పెద్దమ్మా" అంది కనకం. "పోయినా తాగు. అంతా తాగు. మిగల్చొద్దు నా తల్లీ. మా తిలగం సీసా ఇంకా మా గూట్లోనే ఉండాది" అని ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట అన్నమ్మాళ్ "జొరం పోయింది గదే, మిగిలింది వాడికోసం దాచిపెట్టు" అని మొదలుపెట్టబోయి, ఎదురింటి తలుపు వంక చూసి, మాట మింగేసింది.

జ్వరం పోయింది. దాంతో పాటు ఇంకా ఏవేవో పోయాయి. సాయంత్రం వేళ వచ్చే కళ్ళు తిరుగుడు పోయింది. పొయ్యి ముందు కూర్చుంటే ఊరికే వచ్చే చేతుల వణుకు పోయింది. అయినదానికీ కానిదానికీ వచ్చే ఏడుపు కూడా పోయింది. అవన్నీ జ్వరానివి కావు, జ్వరానికి ముందునుంచీ ఉన్నాయి. పుచ్చు ఒళ్ళు అన్నాడు మామ. నిజమే కాబోలనుకుని, పుట్టింటివాళ్ళను, పుట్టుకను తిట్టుకుంటూ ఇన్నేళ్ళు గడిపేసింది. వేడన్నం తింటే ముద్ద ముద్దకూ ఒంట్లోకి బలం వస్తుందని, చారులో పులుపూ కారమూ వేరు వేరుగా నాలుకకు తెలుస్తాయని, తిన్న తర్వాత మనిషికి పాట పాడాలనిపిస్తుందని ఆమెకు ఇప్పుడే తెలిసింది. ఈ రోగానికి పేరు ఏమిటో ఒక రోజు నూలు చుడుతూ చుడుతూ ఆమెకే తట్టింది. ఆకలి. ఇన్నాళ్ళూ తనకున్నది ఉట్టి ఆకలి. అంత నూలు చుట్టి, అంత వంట వండి, పక్కన పెట్టుకుని కూర్చున్న ఆకలి. ఆ మాట తట్టగానే ఆమెకు ఏడుపు రాలేదు. పళ్ళు బిగుసుకున్నాయి.

ఒక పొద్దున మందు అయిపోయింది. చివరి మోతాదు కదిపి తాగి, సీసా ఖాళీ చేసింది. కన్యస్త్రీ పొట్ట నొక్కి చూసి, ఇంక రానక్కర్లేదు పొమ్మంది. ఆ సాయంత్రానికి అన్నమ్మాళ్ ఖాళీ సీసాను తోమి, ఎండకు పెట్టి, అందులో ఆముదం పోసుకుంది. ఆమె ముఖం తేటపడింది. ఎన్నాళ్ళకో ఇల్లు మళ్ళీ తనకు తెలిసిన దారికి వస్తున్నట్టుంది ఆమెకు. నిజానికి కోడలి ఒళ్ళు బాగుపడినందుకూ సంతోషించింది, అందులో అబద్ధం లేదు.

వంటయింది. వీరాసామి పెరట్లో కాళ్ళు కడుక్కుంటున్నాడు. కనకం కంచం తీసుకోబోతుంటే అన్నమ్మాళ్ మెత్తగా, బుజ్జగింపుగా అడ్డొచ్చింది. "ఇంకేమ్మే, పీడ పోయె. మందయిపాయె గదా. ఈ పొద్దునుంచి వాడు తిన్నాకే తిందువులే, మా తల్లి గదా. వైద్యం అని చెప్పి వాడూ ఇన్నాళ్ళు ఓర్చుకున్నాడు."

కనకం అత్త ముఖంలోకి చూసింది. కోపం రాలేదు. ఆ ముఖం మీది ముడతలూ, లోపలికి పోయిన దవడలూ, ఎండిపోయిన మెడా చూసింది. ఈ మనిషి ఎన్నేళ్ళు అడుగు మడ్డి తాగిందో, ఎవరూ అడిగి ఉండరు. వెనక వీరాసామి తుండుగుడ్డ దులిపిన చప్పుడు వినపడింది. వస్తున్నాడు.

కనకం పీట వాల్చుకుని కూర్చుంది.

"మందయిపోయిందత్తా" అంది, అన్నం గిన్నె దగ్గరకు లాక్కుంటూ, "ఆకలి అయిపోలే."